ఓటు ఆవిడది, వీసా నాది

అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉద్యోగం వచ్చిందంటే మనవాళ్ళు ముందు మ్యాప్ తీసి చూస్తారు. డెమోయిన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలు ఎక్కువ. వాటిలో ఎప్పటివో మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్స్ ఇంకా నడుస్తుంటాయి, వాటిని కనిపెట్టుకుని ఉండే తెలుగువాళ్ళూ తక్కువేం లేరు. వాకీ, అంకెనీ వైపు అపార్ట్‌మెంట్లలో సాయంత్రం అలా నడిస్తే ఇంగువ పోపు వాసన తగులుతుంది. మాడ్రిడ్ అనే చిన్న ఊరి దగ్గర, మొక్కజొన్న చేల నడుమ పెద్ద గుడి కూడా ఉంది. అంతకు మించి ఈ ఊరి గురించి గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, నాలుగేళ్ళకోసారి తప్ప.

1970ల నుంచి రిపబ్లికన్, డెమొక్రాట్ పార్టీల అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక అయోవాలోనే మొదలవుతూ వచ్చింది. 2024లో డెమొక్రాట్లు ఆ వరస మార్చేశారు, రిపబ్లికన్లకి మాత్రం మొదలు ఇక్కడే. అందుకని ఏడాది ముందు నుంచే పోటీదారులు ఇక్కడికి చేరిపోతారు. ఆగస్టులో స్టేట్ ఫెయిర్‌కి వచ్చి పుల్లకి గుచ్చిన పోర్క్ చాప్ తింటూ ఫొటోలు దిగుతారు. పిజ్జా రాంచ్ అనే హోటళ్ళలో ముప్పై నలభై మంది ముందు నిలబడి మాట్లాడతారు. మొత్తం తొంభై తొమ్మిది కౌంటీలూ తిరిగినవాడికి ఇక్కడ ప్రత్యేక గౌరవం. ఏటా అన్ని కౌంటీలకీ వెళ్ళే సెనేటర్ చక్ గ్రాస్లీ పేరు మీద దాన్ని ‘ఫుల్ గ్రాస్లీ’ అంటారు. మా నరసరావుపేటలో ఎమ్మెల్యేని కలవాలన్నా మధ్యలో ఇద్దరు ముగ్గురిని పట్టుకోవాలి. ఇక్కడ అమెరికా అధ్యక్షుడు కాబోయేవాడు కౌంటర్ దగ్గర నీ వెనక లైన్లో నిలబడొచ్చు.

హెచ్‌వన్‌బీ మీద ఉన్న నాకు ఓటు లేదు. అయినా 2016 నాటి, ఊరూరా పార్టీవాళ్ళు కూడి తమ అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ కాకస్‌ని చూసినంత దగ్గరగా మా ఊళ్ళో ఏ ఎన్నికనీ చూడలేదు. కారణం, క్లయింట్ వైపు మా లీడ్.

ఆవిడకి అరవై దగ్గర పడుతున్నాయి. పాలసీ క్లెయిమ్‌ల సిస్టమ్‌లో సగం కోబాల్ ప్రోగ్రాములు ఆవిడ వయసులో ఉన్నప్పుడు రాసినవే. భర్త బూన్ కౌంటీలో మొక్కజొన్న, సోయా వేస్తాడు. ఆదివారం చర్చి, బుధవారం సాయంత్రం బైబిల్ స్టడీ, రెండూ తప్పవు. డెమొక్రాట్లకి ఓటెయ్యడం వాళ్ళ ఇంటా వంటా లేదు. మా ఊళ్ళో అయితే ఇక ఆలోచించేదేం ఉండదు, పార్టీ తేలిపోతే ఓటు తేలిపోయినట్టే. ఆవిడ కష్టం అక్కణ్ణుంచే మొదలైంది. బరిలోకి దిగిన రిపబ్లికన్లే పదిహేడు మంది.

పసుపు రంగు లీగల్ ప్యాడ్ ఒకటి డ్రాయర్లో ఉండేది. ఎడమ పక్కన పేర్లు, పైన అంశాలు: అబార్షన్, జడ్జీలు, అప్పు, తుపాకులు, ఇథనాల్, ఇమ్మిగ్రేషన్. ఏదైనా సభకి వెళ్ళొచ్చిన మర్నాడు కాఫీ తాగుతూ పెన్సిల్‌తో ఏదో రాసుకునేది, కొట్టేసేది. మొదట విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ అంటే ఇష్టపడింది. పక్క రాష్ట్రం, యూనియన్లతో పోరాడి నిలబడ్డవాడు. ఆయన 2015 సెప్టెంబర్‌లోనే తప్పుకున్నాడు. తర్వాత డాక్టర్ బెన్ కార్సన్. గొంతు పెంచడు, దేవుడి పేరు నిజాయితీగా చెప్తాడు అనేది. నవంబర్లో పారిస్ దాడులు జరిగాక, ఇంత మెత్తటి మనిషి యుద్ధం వస్తే ఏం చేస్తాడని ఆవిడకే అనుమానం వచ్చింది. డిసెంబర్ నాటికి ప్యాడ్ మీద టెడ్ క్రూజ్, మార్కో రూబియో, డొనాల్డ్ ట్రంప్ మిగిలారు.

క్రూజ్ దగ్గర ఆవిడకి ఇబ్బంది ఇథనాల్. అమెరికాలో పెట్రోల్లో ఇంత ఇథనాల్ కలపాలని 2005లో చట్టం తెచ్చి, 2007లో ఆ కోటా బాగా పెంచారు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మొక్కజొన్న పండేదీ, ఎక్కువ ఇథనాల్ తయారయ్యేదీ అయోవాలోనే. ఆ చట్టాన్ని దశలవారీగా ఎత్తేయాలన్నది క్రూజ్ మాట. మా నాన్న మిర్చి రైతు కాబట్టి ఈ గొడవ నాకు వెంటనే అర్థమైంది. గిట్టుబాటు ధర తీసేస్తాననే నాయకుడు గుంటూరు యార్డులో నిలబడి ఓట్లడిగితే ఎలా ఉంటుందో, అలా. అయోవా గవర్నర్ టెర్రీ బ్రాన్‌స్టాడ్ కాకస్‌కి రెండు వారాల ముందు క్రూజ్ ఓడిపోవాలని బాహాటంగానే అన్నాడు. అదే రోజు ఆల్టూనాలో ఇథనాల్ వాళ్ళ సభకి వచ్చి ట్రంప్ వాళ్ళకి మద్దతు పలికాడు. ఆవిడ భర్త ఆ రోజే తేల్చేసుకున్నాడు.

ఆవిడకి ట్రంప్ నోరు నచ్చలేదు, పెళ్ళిళ్ళ సంగతీ నచ్చలేదు. ఒక యూనివర్సిటీ ప్రసంగంలో బైబిల్లోని ఒక పుస్తకం పేరు ఆయన తప్పుగా పలికితే వాళ్ళ చర్చిలో నవ్వుకున్నారట. కానీ ఇమ్మిగ్రేషన్ అన్న గడిలో ఆయన పేరు పక్కన టిక్కు ఉంది. ఆ గడి నన్ను చూసి పెట్టుకున్నదేమోనని నాకు లోపల టెన్షన్.

ఎందుకంటే నేను ఆ కంపెనీకి వచ్చింది కేటీ తీసుకోవడానికి. మన ఐటీలో ఉన్నవాళ్ళకి ఈ మాట చెప్పక్కర్లేదు. పోయేవాళ్ళు కూర్చుని, వచ్చేవాళ్ళకి పని నేర్పి పోవాలి. ఆ అంతస్తులో చాలా ఏళ్ళుగా పనిచేసినవాళ్ళు ప్యాకేజీ తీసుకుని వెళ్ళిపోయారు. ఆవిడొక్కత్తే మిగిలింది, బయటివాళ్ళతో పని చేయించడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి. నాకు కేటీ ఇచ్చినాయన సెషన్లన్నీ అయ్యాక తన స్టేప్లర్ నాకిచ్చి ‘‘ఇది నాది, కంపెనీది కాదు. మంచిది, వాడుకో’’ అన్నాడు. ఆ స్టేప్లర్ చాలాకాలం డెస్కు మీద ఉంది గానీ నేను వాడలేదు.

ఓర్లాండోలో డిస్నీ సంస్థ ఉద్యోగులు తమ స్థానంలోకి వచ్చిన విదేశీయులకి పని నేర్పి వెళ్ళాల్సి వచ్చిన కథ ఆ ఏడాది పేపర్లన్నిటా మారుమోగింది. ట్రంప్ అయితే ఆగస్టులోనే, హెచ్‌వన్‌బీ జీతాల స్థాయి పెంచాలని కాగితం మీద పెట్టాడు. క్రూజ్ సంగతి మరీ విచిత్రం. 2013లో ఈ వీసాల సంఖ్య అరవై ఐదు వేల నుంచి మూడు లక్షల ఇరవై ఐదు వేలకి పెంచమన్నది ఆయనే. 2015 డిసెంబర్లో సెనేటర్ జెఫ్ సెషన్స్‌తో కలిసి, హెచ్‌వన్‌బీ వాళ్ళకి కనీసం ఏడాదికి లక్షా పదివేల డాలర్ల జీతం ఇవ్వాల్సిందేనని బిల్లు పెట్టిందీ ఆయనే. రూబియో ఒక్కడే వీసాలు పెంచాలనే బిల్లు మీద సంతకం పెట్టి ఉన్నాడు. మా పాట్‌లక్కుల్లో అందరూ రూబియో, రూబియో అని జపం. ఓటు మాత్రం ఒక్కడికీ లేదు. ఓటున్న ఇద్దరు ముగ్గురు సిటిజన్లు ట్యాక్సులు తగ్గించేవాడు కావాలనీ, ఈ వీసాలు ఇక కాస్త కట్టడి చేసినా తప్పులేదనీ అంటుంటే మిగతావాళ్ళం పులిహోర ప్లేట్లో చూపు పెట్టుకుని విన్నాం. పౌరసత్వం రాగానే గొంతు మారడం కొత్తేం కాదు లెండి.

క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో ఆవిడ నేరుగానే అడిగింది, ఈ ముగ్గురిలో నాకు ఎవరు మంచిదని. నాకు చెప్పాలనిపించింది, చెప్పేశాను. మా ఆవిడకి ఆ ఏడాదే పని చేసుకునే అనుమతి (ఈఏడీ) వచ్చి ఉద్యోగంలో చేరింది. గ్రీన్‌కార్డు లైన్లో నేనున్న ఈబీ-2 కేటగిరీలో ఇండియావాళ్ళ వంతు 2008 తేదీల దగ్గర పాకుతోంది, నా తేదీ దానికి చాలా వెనక. క్రూజ్ బిల్లు చట్టమైతే మా ఎంప్లాయర్ నాకు లక్షా పదివేలు ఇవ్వడు, టికెట్ కొని పంపించేస్తాడు.

అంతా విని ఆవిడ, ‘‘నీ పనికి లక్షా పది ఎక్కువంటావా?’’ అంది.

నేను నసిగాను.

‘‘రాత్రి రెండింటికి బ్యాచ్ ప్రోగ్రాం అబెండ్ అయి ఆగిపోతే లేచేది నువ్వు. నాకైతే అది తక్కువే అనిపిస్తోంది. మేం మీ కంపెనీకి గంటకి ఎంత కడుతున్నామో నాకు తెలుసు, నీ చేతికి ఎంతొస్తుందో ఇప్పుడు చెప్పావు. మిగతాది ఎవరి జేబులోకి పోతోంది? అతను చెప్పేదాంట్లో నాకు తప్పేం కనపడలేదు.’’

‘‘నేను వెళ్ళిపోవాల్సి వస్తుంది’’ అన్నాను మళ్ళీ.

‘‘అదే బాధ. కానీ నువ్వు చవగ్గా వస్తావనే కదా, ఇక్కడున్నవాళ్ళని పంపించారు.’’

దీనికి ఏ జవాబు చెప్పాలి? ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్తే, ‘‘మనల్ని పొమ్మంటోందా, మన జీతం పెంచమంటోందా?’’ అంది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయని అప్పటికి నాకూ అర్థమైంది. మాకు మధ్యలో ఇంకో వెండర్ కూడా ఉండేవాడు. క్లయింట్ ఇచ్చే రేటులో ఎవరి వాటా ఎంతో కాగితం మీద ఎప్పుడూ కనపడదు. జీతం గురించి అడిగిన ప్రతిసారీ మా హెచ్ఆర్ గ్రీన్‌కార్డు ఫైలు ఎక్కడుందో గుర్తు చేసేవాడు. ఆవిడకి నా మీద కోపం లేదు. నన్ను ఆ రేటుకి అమ్మినవాళ్ళ మీద ఉంది. ఆ కోపం నాక్కూడా ఉంది, కాకపోతే దాన్ని వెళ్ళగక్కడానికి నా దగ్గర బ్యాలెట్ లేదు.

2016 ఫిబ్రవరి 1, సోమవారం. అర్ధరాత్రి దాటాక మంచు తుఫాను వస్తుందని హెచ్చరిక ఉన్నా, చూడటానికి రమ్మంటే వెళ్ళాను. బడిలో భోజనాల హాలు, పిల్లల బల్లలు, వాటికి అతికించిన చిన్న స్టూళ్ళ మీద భారీ రైతులు. ఏడింటికి మొదలవ్వాలి, రిజిస్ట్రేషన్ లైను పార్కింగ్ దాకా ఉంది. ఓటు లేనివాళ్ళం గోడ వారగా కూర్చున్నాం. జెండాకి వందనం అయ్యాక, ఒక్కో అభ్యర్థి తరఫున ఊరివాళ్ళలోనే ఒకరు లేచి రెండు ముక్కలు మాట్లాడారు. క్రూజ్ తరఫున లేచిన కుర్రాడు కాగితం చూసి వణుక్కుంటూ చదివాడు. ట్రంప్ కోసం మాట్లాడినాయన కాగితం లేకుండా, ‘‘మనల్ని ఇంతకాలం ఆటపట్టించారు, ఇక చాలు’’ అని కూర్చున్నాడు. తర్వాత ఉత్త తెల్లకాగితం ముక్కలు పంచారు. ఎవరికి కావాలంటే వారి పేరు రాసి మడతపెట్టి బకెట్లో వేశారు. డెమొక్రాట్లు ఆ రోజుల్లో గుంపులుగా విడిపోయి లెక్కతేల్చుకునేవారు, వీళ్ళది మాత్రం రహస్య ఓటు. లెక్కపెట్టడం అందరి ముందే. ఏజెంట్లు, స్ట్రాంగ్ రూములు, స్లిప్పులు పంచే కుర్రాళ్ళు, బీరు బిర్యానీ ఏమీ లేని ఎన్నిక చూడటం నాకు కొత్త.

మొగుడూ పెళ్ళాం ఒకే పికప్ ట్రక్కులో వచ్చారు. పంచేవాడి దగ్గర పెన్సిళ్ళు తక్కువై, ఆవిడ రాసిన పెన్సిలే ఆయన తీసుకున్నాడు. ఆయన ట్రంప్. ఆవిడ క్రూజ్. మర్నాడు ఆఫీసులో అడిగితే, ‘‘ఇథనాల్ పోతే మొక్కజొన్న పందులకి వేస్తాం. గర్భంలో బిడ్డ సంగతి అలా కాదు’’ అంది. ప్యాడ్ మీద అన్ని గడులున్నా, ఆఖరికి ఒక్క గడే చూసుకుందన్నమాట. ఇమ్మిగ్రేషన్ గడి చూసుకోలేదని నాకు కొంచెం ఊరట, కొంచెం చిన్నతనం కూడా. నా బతుకంతా ఉన్న ఆ గడి ఆవిడకి మూడోదో నాలుగోదో.

రాష్ట్రం మొత్తమ్మీద లక్షా ఎనభై వేలకి పైగా ఓట్లు పడ్డాయి, అప్పటికి రిపబ్లికన్లకి అది రికార్డు. క్రూజ్‌కి దాదాపు 28 శాతం, ట్రంప్‌కి 24, రూబియోకి 23. మే నెల మొదట్లో ఇండియానాలో ఓడాక క్రూజ్ కూడా తప్పుకున్నాడు. ఆవిడ ప్యాడ్ చించి పారేసింది. నవంబర్లో వెయ్యకుండా ఉండిపోదామా అని కూడా ఆలోచించింది, ముఖ్యంగా అక్టోబర్లో, ఆడవాళ్ళ గురించి ట్రంప్ అసభ్యంగా మాట్లాడిన టేపు బయటపడ్డాక. అయినా వేసింది. ఫిబ్రవరిలో జస్టిస్ స్కలియా చనిపోయి సుప్రీంకోర్టులో కుర్చీ ఖాళీగా ఉంది, దానికి ఎవరెవర్ని పరిశీలిస్తాడో ట్రంప్ ముందే జాబితా ఇచ్చాడు. అది ప్రింట్ తీసి పెట్టుకుంది. 2008లో, 2012లో ఒబామాని గెలిపించిన అయోవా ఈసారి ట్రంప్‌ని తొమ్మిది శాతం తేడాతో గెలిపించింది.

2017 ఏప్రిల్ 7న, ఆ జాబితాకి తర్వాత చేర్చిన పేర్లలోంచి నీల్ గోర్సచ్‌ని సెనేట్ ఆమోదించింది. ఆవిడ ఆ రోజు టీమ్‌కి డోనట్లు తెచ్చింది, ఎందుకో చెప్పలేదు. అదే నెల 18న, హెచ్‌వన్‌బీలని కట్టడి చేయాలనే ‘బై అమెరికన్, హైర్ అమెరికన్’ ఉత్తర్వు మీద ట్రంప్ సంతకం పెట్టాడు. డోనట్లు ఎవరూ తేలేదు.

ఎండాకాలంలో నా వీసా ఎక్స్‌టెన్షన్‌కి ఆర్‌ఎఫ్‌ఈ, అంటే ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు, వచ్చింది. అంతకుముందు మా ఫైళ్ళు ఊరికే పాసయ్యేవి. ఇప్పుడు, ఈ ఉద్యోగానికి డిగ్రీ ఎందుకు అవసరమో, నేను అక్కడ నిజంగా ఏం చేస్తున్నానో క్లయింట్ రాసివ్వాలి. క్లయింట్ లెటర్ అంటే పెద్ద కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లు ఆమడదూరం పారిపోతాయి. ఇక మిగిలింది ఆవిడే. లీగల్ వాళ్ళ చుట్టూ ఆవిడే తిరిగి, మేనేజర్ హోదాలో తను సంతకం పెట్టొచ్చని ఒప్పించుకుంది.

మా లాయర్ పంపిన డ్రాఫ్ట్ ముందు పెట్టుకుని పెన్ను తీసింది. నా పనుల జాబితా చూసి, ‘‘ఇది ఏ కంపెనీకైనా సరిపోతుంది’’ అని కొట్టేసి, నెలాఖరు బ్యాచ్, క్లెయిమ్ రిజర్వుల లెక్కలు, రాష్ట్రాలవారీ రిపోర్టులు అంటూ తన మాటల్లో పేజీన్నర రాసింది. నా గురించి అంత వివరంగా మా ఎంప్లాయర్ ఎన్నడూ రాయలేదు. చివరి పేరాలో, ఇలాంటి నైపుణ్యం ఉన్నవాళ్ళు స్థానికంగా దొరకడం లేదు అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగింది.

‘‘ఇది రాయను. దొరికేవాళ్ళు. ఈ అంతస్తులోనే ఉండేవాళ్ళు’’ అని అడ్డంగా గీత గీసింది. మిగతాదానికి సంతకం పెట్టింది.

కాగితాలు కవర్లో పెట్టి ఇస్తూ, ‘‘ఇంతకీ మీవాళ్ళు జీతం ఏమైనా పెంచారా?’’ అని అడిగింది.

లేదన్నాను.