నాలుగో కణుపు మీద రెండు గీతలు

మంగళవారం, హనుమకొండ

పొద్దున ఆరున్నరకే మామ ఫోన్ చేశాడు. "బిడ్డా, నీ పసుపు పళ్ళాలల్ల ఒకదాన్ని బర్రె తొక్కింది. నాలుగే మిగిలినయ్. నీళ్ళు ఒంపి పురుగుల్ని సీసాల పోసిన, వచ్చి తీస్కపో."

మామ పొలం పరకాల రోడ్డు మీద. ఈ వానాకాలం బీపీటీ రకం వరి వేశాడు, ఇప్పుడు పొట్ట దశలో ఉంది. పసుపు ప్లాస్టిక్ పళ్ళెంలో నీళ్ళు పోసి, కాస్త ఉప్పు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ఒడ్డు మీద పెడతాను. పసుపు రంగు చూసి చిన్న పురుగులు వచ్చి వాలతాయి. ఉత్త నీళ్ళయితే పైన తేలి మళ్ళీ ఎగిరిపోతాయి, సబ్బు ఉంటే మునుగుతాయి. ఈ రోజుల్లో ఒడ్ల వెంట తంగేడు కూడా విరగబూసి ఉంది. దూరం నుంచి చూస్తే ఏది పువ్వో ఏది పళ్ళెమో తెలియలేదు.

పదిన్నరకి ల్యాబ్‌లో కూర్చున్నాను. సీసాలో ముందు ఈగలు, పచ్చదోమలు, రెండు సాలీళ్ళు. అవన్నీ తీసేశాక అడుగున నలుసుల్లా మిగిలేవే నాకు కావాల్సినవి. కందిరీగ అనగానే అందరికీ కుట్టే పెద్దదే గుర్తొస్తుంది. నేను చూసే అనాగ్రస్ కూడా కందిరీగే, వరి దోమల గుడ్ల లోపల తన గుడ్లు పెడుతుంది. అర మిల్లీమీటరు ఉంటుంది. ఆవగింజ మీద మూడింటిని వరసగా నిలబెట్టొచ్చు. దీని కుటుంబం మైమరిడేలోనే ఇంకా చిన్నవి ఉన్నాయి. డికోపోమోర్ఫా ఎక్మెప్టెరిగిస్ అనే జాతిలో మగది 0.139 మిల్లీమీటర్లే. దానికి రెక్కల్లేవు, కళ్ళూ లేవు. మనకి తెలిసిన పురుగులన్నిటిలో అదే చిన్నది.

అనాగ్రస్ రెక్క నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. సన్నటి పుల్లకి చుట్టూ పొడవాటి వెంట్రుకలు, దువ్వెన పళ్ళలా. అంత చిన్న ప్రాణికి గాలి మనకి నూనె ఉన్నట్టు చిక్కగా ఉంటుంది, అందుకే ఆ వెంట్రుకలతోనే ఈదుకుంటూ పోగలదు.

ఒక్కోదాన్నీ పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, నీళ్ళలో కడిగి, ఆల్కహాల్‌లో మెట్టుమెట్టుగా నీరు తీసేసి, లవంగ నూనెలో వేసి, చివరికి కెనడా బాల్సమ్‌లో స్లైడు మీద పెట్టాలి. పుల్లకి అతికించిన కంటిరెప్ప వెంట్రుకతో కదుపుతాను, సూదయితే విరిచేస్తుంది. అలా జాగ్రత్త పడ్డా ఈ రోజు ఒకదాని మీసం కవర్‌స్లిప్ కింద రెండు ముక్కలైంది. మంచి ఆడది. చాలాసేపు మనసు బాగోలేదు.

మధ్యాహ్నమంతా మీసాలతోనే గడిచింది. ఆడదాని మీసంలో మొదట పొడవాటి స్కేప్, తర్వాత పొట్టి పెడిసెల్, ఆ పైన ఆరు కణుపులు, చివర గద లాంటి ఒకే ముక్క. దాన్ని క్లావా అంటారు. లాటిన్‌లో క్లావా అంటే గదే. ఈ ఒక్క మాటకి తెలుగు వెతుక్కునే పని పడలేదు. ఆ కణుపుల మీద నిలువుగా గీతలు గీసినట్టు సెన్సిల్లా ఉంటాయి, వాసన పట్టేవి. ఏ కణుపు మీద ఎన్ని గీతలు, ఏ కణుపు ఎంత పొడవు, ముందు రెక్కలో వెంట్రుకల్లేని చోటు ఎక్కడ, గుడ్లు పెట్టే సూది ముందుకాలి టిబియా (పిక్క భాగం) కంటే ఎన్ని రెట్లు: జాతిని జాతి నుంచి విడదీసేవి ఇవే.

నెల రోజులుగా నన్ను తిప్పుతున్న స్లైడులో నాలుగో కణుపు మీద రెండు గీతలున్నాయి. నేను పోల్చి చూస్తున్న జాతి వర్ణనలో ఒకటే. మిగతావన్నీ దాదాపు కలుస్తున్నాయి. కొత్త జాతి అనడానికి నోరు ఉబలాటపడుతోంది. కానీ నా దగ్గర ఉన్నది ఒక్క ఆడది. ఒకే తల్లి పిల్లల్లో కూడా ఇంతమాత్రం తేడా ఉండొచ్చు. ఇంకో పది దొరికి, వాటిలో మగవి కూడా ఉంటే తప్ప ఒక్క వాక్యం కూడా రాయకూడదని గట్టిగా అనుకున్నాను. పేరు పెట్టడానికి ఒక్క పురుగు చాలు, నిబంధనల ప్రకారం ఆ మూల నమూనాయే, అంటే హోలోటైపే, పేరుని మోస్తుంది. కానీ రేపు ఇంకొకరు మైక్రోస్కోపు కింద తమ పురుగు పెట్టుకుని నా వాక్యం చదివితే, అది ఇదో కాదో వాళ్ళకి తేలాలి కదా.

ఇలాంటప్పుడు నాకు పురుగుల శాస్త్రవేత్తలు నాగర్‌కట్టి, నాగరాజ గుర్తొస్తారు. ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగల జాతులు పైకి ఒకేలా ఉండి అందరూ తికమక పడుతుంటే, మగవాటి జననాంగాల ఆకారం చూస్తే తేడా తెలుస్తుందని 1971లో ఆ ఇద్దరూ చూపించారు. సరైన చోట చూడటమే వాళ్ళు చేసింది.

మూడింటికి మళ్ళీ మామే. "దుబ్బుల మొదట్ల సుడిదోమ కనబడ్తుంది, మందు కొట్టాల్నా?" సుడిదోమంటే వరి రసం పీల్చేది. ఎన్ని ఉన్నాయని అడిగితే దుబ్బుకి ఏడెనిమిది అన్నాడు. ఇప్పుడే వద్దు మామా, నీళ్ళు తీసేసి పొలం ఆరబెట్టు, రెండ్రోజుల్లో మళ్ళీ లెక్కపెట్టు అన్నాను. గాలి ఆడేలా వరి మధ్య కాలిబాటలు ముందే తీసి ఉంచాడు కాబట్టి కొంత ధైర్యం. తొందరపడి కొడితే దోమ కంటే ముందు పోయేవి ఈ నలుసులే, వారాల తర్వాత దోమ రెట్టింపై తిరిగొస్తుంది. మామ సరేనన్నాడు కానీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఎకరాలు ఆయనవి, నష్టం వస్తే భరించేదీ ఆయనే.

అందుకే ఆయన సీసాతో పాటు ఇచ్చిన వరి పిలక తొడిమను చీల్చి చూశాను. లోపల దోమ గుడ్లు అరటి గెల లాగా వరసగా ఉన్నాయి, తెల్లగా. మధ్యలో మూడు మాత్రం ఎర్రబడ్డాయి. అనాగ్రస్ పిల్ల లోపల పెరిగితే గుడ్డు అలా ఎర్రబడుతుంది. ఫోటో తీసి మామకి వాట్సాప్‌లో పంపాను. "ఇవి మనయేనా?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. మనవే మామా అన్నాను. ఆ మూడు గుడ్లున్న తొడిమ ముక్కను తడి కాగితంతో గాజు గొట్టంలో పెట్టి దూదితో మూత వేశాను. అందులోంచి మగది కూడా వస్తే బాగుండు.

ఏడు దాటాక ఇంటికొచ్చాను. అన్నం పెడుతూ అమ్మ నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, "పన్ను నొస్తుందా బిడ్డా?" అంది. లవంగ నూనె. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు.

పడుకునే ముందు ఈ రోజు స్లైడులకి లేబుళ్ళు రాశాను: ఊరు, తేదీ, వరి, పసుపు పళ్ళెం. సేకరించినవారు అన్న చోట మామ పేరు రాశాను, ఒంపి సీసాలో పోసింది ఆయనే కాబట్టి. రేపు ఇంకో పళ్ళెం కొని, బర్రె వచ్చే దారిని వదిలి కాలవ వైపు పెట్టాలి.