డబ్బాలో టిక్కు

మంగళవారం. పొద్దున్నే ఉక్కపోత. ఆటోనగర్‌లో ఆఫీసు మెట్లెక్కేసరికే చొక్కా తడిసిపోయింది. కుర్చీలో కూర్చున్నానో లేదో షాపులోంచి బాబాయ్ వచ్చాడు. ప్యానెళ్ళు బిగించే పెద్దాయన్ని మేమంతా అలాగే పిలుస్తాం. చేతిలో నేను రాసిన మోటార్ స్టార్టర్ ప్యానెల్ మాన్యువల్, ఆరో పేజీ దగ్గర మడిచి ఉంది.

"బాబూ, ఇక్కడ డబ్బా ఇచ్చారు కదా, టిక్కు పెట్టేశాను. మరి సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

నేను ఎక్కడా డబ్బా పెట్టలేదే! చూస్తే, ఆకుపచ్చ-పసుపు వైరు బిగించమన్న వాక్యం మధ్యలో, ఎర్త్ గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. అందులో నీలం పెన్నుతో ముచ్చటైన టిక్కు.

"వైరు బిగించారా మరి?" అన్నాను, గుండె దడదడలాడుతూ.

"ఆ రంగు వైరు ఎక్కడికెళ్తాదో నాకు కొత్తేటి బాబూ?"

హమ్మయ్య. అదే కొత్త కుర్రాడైతే? వదిలేసిన వైరుతో ప్యానెల్ సైటుకి వెళ్ళి, లోపల ఎక్కడో ఇన్సులేషన్ పోతే, రేకు మీద చెయ్యి పెట్టినవాడి గతి ఏమిటి? తలుచుకుంటేనే టెన్షన్.

తప్పు నాదే. ఆ గుర్తును అక్షరంలా టైపు చేశాను. వర్డ్‌లో 23డీఏ అని కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చేస్తుంది. నిలువు గీత, దాని కింద చిన్నవవుతూ పోయే మూడు అడ్డగీతలు. నా కంప్యూటర్లో ఆ ఫాంటుంది. షాపులోని పాత కంప్యూటర్లో లేదు. ఫాంటు లేకపోతే గుర్తు బదులు ఖాళీ డబ్బా వస్తుంది. వాళ్ళు వర్డ్ ఫైలే తెరిచి ప్రింట్ తీశారు.

అంతటితో అయిపోతే బాగుండేది. కిందికి వెళ్ళి ప్యానెల్ తలుపు తీశా. ఎర్త్ బోల్టు పక్కన స్టిక్కర్ మీద ఇదే గుర్తు, కానీ వృత్తంలో ఉంది. పరికరాల మీద వేసే గుర్తులకు ఐఈసీ 60417 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం వృత్తం లేనిది 5017, మామూలు ఎర్త్. మనిషికి షాక్ తగలకుండా కాపాడే ప్రొటెక్టివ్ ఎర్త్‌కి (పీఈ) వృత్తమున్న 5019. ఏటవాలు గీతలున్న 5020 చాసిస్‌ది, అంటే పరికరం చట్రానిది, అది వేరే కథ. అంటే డబ్బా బదులు గుర్తే కనిపించినా తప్పు గుర్తే కనిపించేది! పాత మాన్యువళ్ళు తిరగేస్తే 11 వాటిలో ఇదే వరస. ఒక్క కస్టమరూ అడగలేదు. వాళ్ళసలు చదువుతున్నారా అని నాకెప్పటినుంచో అనుమానం.

మధ్యాహ్నమంతా కూర్చుని వృత్తంతో సహా బొమ్మ గీసి, ప్రతిచోటా అదే అతికించాను. పక్కనే 'పీఈ టెర్మినల్' అని మాటల్లో కూడా రాశా. పరవాడ సైటు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, మూడు గీతలు, చుట్టూ సున్నా అని ఎంతసేపని వర్ణించను? ఈసారి షాపుకి పీడీఎఫ్ మాత్రమే పంపాను.

సాయంత్రం కొత్త ప్రింట్ బాబాయ్ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పైకి తోసుకుని ఆరో పేజీ చూశాడు.

"ఇప్పుడు గుర్తు కనిపిస్తోందా బాబాయ్?"

"శుభ్రంగా కనిపిస్తంది. మరి టిక్కు ఎక్కడ పెట్టమంటారు?"