ఒకే లూప్, రెండు జతల వాల్వులు

మా మేనమామకి తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది. వేసవి సెలవుల్లో నా మకాం అక్కడే. వెనక అట్ట విప్పగానే లోపల ఎర్రగా వెలిగే వాల్వులు (సిగ్నల్‌ని పెంచే గాజు గొట్టాలు), వేడెక్కిన దుమ్ము వాసన, ముందువైపు స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపిస్తూ పచ్చగా మెరిసే మ్యాజిక్ ఐ. స్పీకర్‌ని మోగించే చివరి వాల్వు మీద ఈఎల్84 అని తెల్లటి అక్షరాలు, పక్కన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర. మన బెంగళూరు సరుకు. ముప్పై ఏళ్ల తరవాత హైదరాబాదులో ఒక మిత్రుడి గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) వెనక్కి వంగి చూస్తే అవే అక్షరాలు కనబడ్డాయి, ఈఎల్84 అని. కాసేపు అలాగే నిలబడిపోయాను.

అమెరికా వాళ్ల మాటలో చెప్పాలంటే అది పవర్ ట్యూబ్. నాకు మాత్రం వాల్వు అనే అలవాటు.

పోయిన నెల మా బ్యాండులో బేస్ గిటార్ వాయించే అబ్బాయి అడిగాడు. "అన్నా, నీ యాంప్‌లో 6ఎల్6లు తీసి ఈఎల్34లు పెడితే మార్షల్ సౌండ్ వచ్చేస్తుందా?" 6ఎల్6, ఈఎల్34 అనేవి రెండు రకాల పవర్ వాల్వులు. మార్షల్ అంటే పేరున్న బ్రిటిష్ గిటార్ యాంప్ కంపెనీ. నాది 50 వాట్ల హెడ్, అంటే స్పీకర్ లేని యాంప్. వెనక ఒక స్విచ్ ఉంది, దాన్ని మారిస్తే బయాస్ (సిగ్నల్ లేనప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక) మారి రెండు రకాలూ పెట్టుకోవచ్చు. వస్తుంది అని చెప్పబోయి ఆగాను. ఇన్నేళ్లుగా అందరూ అంటుంటే నేనూ అంటున్నాను గానీ, ఎప్పుడూ పక్కపక్కన పెట్టి వినలేదు.

ఆదివారం ప్రాక్టీస్ రూములో కూర్చున్నాం. వాల్వు మార్చిన ప్రతిసారీ నేనే వాయిస్తే నా చేయి మారుతుంది, తెలియకుండానే. అందుకని వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ పెడల్‌లో నలభై సెకన్లు రికార్డు చేసి పెట్టాను. ఓపెన్ జీ కార్డ్, నెమ్మదిగా ఒక్కో తీగ, లావుపాటి 'ఈ' (E) తీగ మీద అరచేయి ఆనించి నాలుగు దెబ్బలు, చివర్లో ఒక పెద్ద బెండ్ (తీగని లాగి స్వరం పెంచడం). అదే లూప్ ప్రతిసారీ యాంప్‌లోకి వెళ్తుంది. మిగతా ముగ్గురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. వాల్వులు చల్లారాక మార్చడం, బయాస్ కొలవడం, శబ్దం సమానంగా ఉందో లేదో ఫోన్‌లో మీటర్ పెట్టి చూడటం. ఒక్కో మార్పుకి ఇరవై నిమిషాలు పట్టింది.

వాల్యూమ్ 3 దగ్గర ఎవరికీ తేడా తెలియలేదు. ముగ్గురూ ఊహించడమే. నాకు ఏది పెట్టానో తెలిసి కూడా, కళ్లు మూసుకుంటే నమ్మకం కుదరలేదు.

7కి పెంచాం. మొదటి కార్డ్‌కే డ్రమ్మర్ "ఇది వేరే" అన్నాడు. ఈఎల్34లతో శబ్దం గొంతు మధ్యలోంచి వచ్చింది. మిడ్స్ (మధ్య స్థాయి స్వరాలు) ముందుకొచ్చి, కార్డ్‌లోని స్వరాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే అరుపుగా మారాయి. లావు తీగ కాస్త మెత్తబడింది. 6ఎల్6లు పెట్టగానే అదే తీగ బిగిసింది, దెబ్బ దెబ్బకీ మధ్య ఖాళీ వినబడింది. పై స్వరాలు తెరిచిన కిటికీలా విశాలంగా వచ్చాయి, గరగర ఆలస్యంగా మొదలైంది.

కారణం చాలావరకు ఇదీ. వాల్వులో సిగ్నల్ వచ్చే జాలీ (గ్రిడ్) మీద ఒక వోల్టు మారితే, బయటికి పోయే పలక (ప్లేట్) కరెంటు ఎంత మారుతుందన్నది ఒక్కో వాల్వుకి ఒక్కోలా ఉంటుంది. ఈఎల్34కి అది సుమారు 11 మిల్లీయాంపులు, 6ఎల్6కి దాదాపు 6. అంటే అదే సిగ్నల్‌కి ఈఎల్34 త్వరగా అంచుకి చేరి, దాని శబ్దం ముందే విరిగి గరగరలాడుతుంది. లోపలి కట్టడం కూడా వేరు. ఈఎల్34 మూడో గ్రిడ్ ఉన్న అసలైన పెంటోడ్ (అయిదు ఎలక్ట్రోడ్ల వాల్వు). 6ఎల్6లో ఆ గ్రిడ్ బదులు ఎలక్ట్రాన్లను పాయలుగా తోసే పలకలు ఉంటాయి. వాల్యూమ్ 3 దగ్గర రెండూ హాయిగా, తమ హద్దుల్లోనే పనిచేస్తున్నాయి. ఒకదాని స్వభావం ఇంకోదానికంటే వేరుగా వినబడాలంటే వాటిని అలిసిపోయేదాకా పాడించాలి.

మరి మార్షల్ సౌండ్ వచ్చిందా? రాలేదు. ఇక్కడే నాకు ఆ కంపెనీ చరిత్ర బాగా పనికొచ్చింది. 1962లో లండన్ హాన్‌వెల్‌లోని జిమ్ మార్షల్ షాపులో తయారైన మొదటి యాంప్, అమెరికా కంపెనీ ఫెండర్ వాళ్ల బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌కి దగ్గరి చుట్టం. అందులో ఈఎల్34లు లేవు. మొదట్లో 5881లు, అంటే 6ఎల్6 కుటుంబమే. తరవాత కేటీ66 అనే వాల్వులు. ఈఎల్34లు వచ్చింది 1960ల మధ్యలో. పైగా 1970లలో అమెరికాకి వెళ్లిన మార్షల్ యాంపులు చాలావాటిలో 6550 అనే ఇంకో రకం వాల్వులు ఉండేవి. కాస్త పొడిగా, బిగువుగా మోగుతాయిగానీ, విన్నవాళ్లెవరూ వాటిని మార్షల్ కాదనరు. మొదటి నుంచీ వేరుగా ఉన్నవి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ముందు దశలో సిగ్నల్‌ని ఎక్కువగా పెంచే ఈసీసీ83 అనే చిన్న వాల్వు, ఇంకా అన్నిటికంటే ముఖ్యంగా స్పీకర్లు. బాస్‌మన్‌వి వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు పది అంగుళాలవి. మార్షల్‌వి మూసిన పెట్టెలో నాలుగు పన్నెండు అంగుళాలవి. గొంతులో సగం ఆ పెట్టెదే అని నా గట్టి నమ్మకం.

ఈఎల్84 సంగతి కూడా అంతే. వాక్స్ ఏసీ30 అనే పేరున్న గిటార్ యాంప్‌లో నాలుగు ఈఎల్84లు ఉంటాయి. గాజుల గలగల లాంటి ఆ పై శబ్దం గురించి అందరూ ఈ వాల్వునే మెచ్చుకుంటారు. కానీ మామయ్య షాపులో వివిధ భారతి మోగించిందీ ఇదే వాల్వు. అక్కడ ఏ గలగలా లేదు, వెచ్చగా, గుండ్రంగా పాట వచ్చేది. వాక్స్‌లో పవర్ సెక్షన్ చుట్టూ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటి సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి అదుపు చేసే ఏర్పాటు) లేదు. కేథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) దగ్గర రెసిస్టర్‌తో కుదిరే కేథోడ్ బయాస్ పెట్టారు. గట్టిగా కొడితే వాల్వులు అణగిపోయి మళ్లీ లేస్తాయి, కళ్లెం లేని గుర్రంలా స్పీకర్ తన ఇష్టానికి మోగుతుంది. మామయ్య ఎప్పుడూ అనే మాట ఇప్పుడు అర్థమవుతోంది. "వాల్వు బానే ఉందిరా, ట్రాన్స్‌ఫార్మర్ చూడు."

6ఎల్6 కంటే చిన్నదైన 6వీ6 వాల్వు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాన్ని ప్రేమిస్తున్నాను, నిష్పక్షపాతంగా రాయలేను. ఫెండర్ యాంపులనే తీసుకుంటే, రెండు 6వీ6లున్న డీలక్స్ రెవర్బ్ 22 వాట్లు, నాలుగు 6ఎల్6లున్న ట్విన్ రెవర్బ్ 85. చిన్న గదిలో కూడా డీలక్స్‌ని అలిసిపోయేలా పాడించవచ్చు. ట్విన్‌ని అంతదాకా తీసుకెళ్తే అపార్ట్‌మెంటులో ఎవరూ ఊరుకోరు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. సాకెట్‌లో పట్టినంత మాత్రాన ఏ వాల్వు పడితే అది పెట్టకండి. వాల్వుని వేడెక్కించే హీటర్‌కి 6వీ6 తీసుకునేది 0.45 యాంపులు, 6ఎల్6 అయితే 0.9, ఈఎల్34 అయితే 1.5. చిన్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ బరువు మోయలేదు. పైగా ఈఎల్34 ఒకటో పిన్నుకి మూడో గ్రిడ్ కలిసి ఉంటుంది, దాన్ని కేథోడ్‌కి కలపాలి. 6ఎల్6లో ఆ పిన్నుతో పనే లేదు. నేను రెండేళ్ల కిందట ఒకరి దగ్గర జత కుదిర్చినవని చెప్పిన వాల్వులు కొని, బయాస్ కొలవకుండా పెట్టాను. పది నిమిషాల్లో ఒకదాని ప్లేటు చెర్రీపండులా ఎర్రబడింది. వెంటనే ఆపేశాను కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దక్కింది. ఇంకోటి, లోపల 400 వోల్టుల పైన ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా కండెన్సర్లలో అది నిలిచే ఉంటుంది. తెలియకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి.

టోన్ మార్చుకోవాలనుకుంటే ముందు స్పీకర్ మార్చి చూడమని మా బేస్ అబ్బాయికి చెప్పాను.

ఈ కబురంతా ఫోన్‌లో చెబితే మామయ్య రెండు వాల్వులు పాత పేపరులో చుట్టి కొరియర్ చేశాడు. షాపు మూసేసినప్పుడు దాచుకున్నవట, బీఈఎల్ ఈఎల్84లు. మొన్న శనివారం మిత్రుడి 15 వాట్ల యాంప్‌లో పెట్టి, కొలిచి, వాయించాను. రెండూ మోగాయి. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి మామయ్యకి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు.

"కొంచెం హమ్ (గుంయ్‌మనే మోత) ఉంది" అన్నాడు. "ఫిల్టర్ కండెన్సర్ చూడరా."