బొట్టుబిళ్ళల మ్యాపు

తిరుపతిలో మా అమ్మ ఇంటి గోడ మీద ఎర్ర పెయింటుతో ఒక బాణం గుర్తు, పక్కన 6 అంకె. ఆగస్టులో పిల్లల సెలవులకు మేం ఇంగ్లండులోని రెడింగ్ నుంచి వచ్చేసరికే వేసి ఉంది. వీధి వెడల్పు చేస్తారంట. 6 అడుగులంటే తిన్నె మొత్తం పోతుంది, ముందుగదిలో కూడా కొంత.

"అవ్వా, నిన్ను అడిగారా?" అంది మా అమ్మాయి, బూట్లు కూడా విప్పకుండా.

"అడిగేదేంది మేయ్? కొల్చుకొని పోయినారు."

దానికి పన్నెండేళ్ళు. వాళ్ళ స్కూల్లో టౌన్ సెంటర్ మ్యాపు పరిచి, నచ్చిన చోట ఆకుపచ్చ చుక్క, చీకటి పడితే భయమేసే చోట ఎర్ర చుక్క అంటించమన్నారు. ఇంగ్లండులో పక్కింటివాళ్ళు ఇల్లు పెంచుకోవాలన్నా మనకు ఉత్తరం వస్తుంది, లేదా వీధిదీపం స్తంభానికి నోటీసు కడతారు. అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 21 రోజులు ఇస్తారు. లండన్‌లో మేయర్ నిధులతో పాత కౌన్సిల్ ఇళ్ళు పడగొట్టి 150 గానీ అంతకు మించి గానీ కొత్తవి కట్టాలంటే, 2018 నుంచి అక్కడ ఉండేవాళ్ళ ఓటు కావాలి. అడిగినంత మాత్రాన వింటారని కాదు. మా వీధి పార్కింగ్ గురించి నేను రెండు పేజీలు రాసి పంపితే, ధన్యవాదాలు అని ఒక్క లైను వచ్చింది. కానీ పిల్లకి ఇంకా ఆ సంగతి తెలీదు. పెద్దవాళ్ళు ఏదైనా కట్టేముందు అడుగుతారనే అది నమ్ముతుంది.

మన దగ్గర అసలు అడగరని కూడా కాదు. ఆ వారంలోనే వార్డు మీటింగు పెట్టారు. ముందు వరస కుర్చీల్లో మగవాళ్ళు, వెనక గోడవారగా ఆడవాళ్ళు. ఇచ్చిన స్థలానికి టీడీఆర్ బాండు వస్తుందని, దాంతో ఇంకో చోట అదనంగా మేడ వేసుకోవచ్చని, లేదంటే అమ్ముకోవచ్చని చెప్పారు. "నాకుండేది ఒకటే ఇల్లు. ఇంకో చోట మేడ ఎక్కడేసుకునేది?" అని అమ్మ నా చెవిలో అంది. పైకి మాత్రం ఒక్క మాటా అనలేదు. ఒక పెద్దాయన లేచి, 1130లో రామానుజులవారు గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధులు వేయించినప్పుడు ఎవర్నడిగినారు అన్నాడు. అందరూ నవ్వారు. అభ్యంతరాలుంటే రాసి ఇవ్వండి అన్నారు, టీ ఇచ్చారు, అయిపోయింది.

ఇంటికొచ్చి తిన్నె మీద కూర్చున్నాక అమ్మ గంటసేపు మాట్లాడింది. కొళాయి ఎక్కడుండాలో, కాలవ ఎక్కడ పొంగుతుందో, 2021 నవంబరు వానలకు నీళ్ళు ఎన్ని మెట్లెక్కాయో అన్నీ చెప్పింది. "ఇదంతా అక్కడ ఎందుకు చెప్పలేదు?" అని మా అమ్మాయి తల పట్టుకుంది. మైకు పట్టుకొని చెప్పే మాటలు కావవి. ఆ సంగతి నేను దానికి వివరించలేకపోయాను, నేనూ చిన్నప్పట్నుంచీ ఆ గోడవారగానే కూర్చున్నదాన్ని కదా.

మర్నాడు అది చార్టు మీద వీధి గీసింది. చుక్కల స్టిక్కర్లు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, గుడి దగ్గర అంగడి నుంచి అమ్మ రెండు అట్టల బొట్టుబిళ్ళలు తెప్పించింది, ఎరుపొకటి, పచ్చదొకటి. సాయంత్రం తిన్నె మీద చార్టు పరిచి నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టారు. ఎవరూ పిలవకుండానే ఆడవాళ్ళొచ్చారు. పూలమ్మే ఆమె తన గంప పెట్టుకునే చోట పచ్చ బిళ్ళ అంటించి, వేలితో గట్టిగా అదిమింది. కాలవ మలుపు దగ్గరైతే ఒకదాని మీద ఒకటి ఏడు ఎర్రబిళ్ళలు. ఎదురింటి కోడలు వీధి మొదట్లో ఎర్ర బిళ్ళ పెట్టి, పోయినేడాది అంబులెన్స్ లోపలికి రాలేక వాళ్ళ మామను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళిన సంగతి చెప్పింది. ఆమెకు వీధి వెడల్పు కావాలి. ఇంకా త్వరగా కావాలి.

నేను మాత్రం తిన్నె మీద పచ్చ బిళ్ళ పెట్టబోయాను. చిన్నప్పుడు గంగమ్మ జాతర వేషాలు చూసింది అక్కడ నిలబడే. మా పిల్లలు జాతర చూడనేలేదు. అది మేలో వస్తుంది, వాళ్ళకు సెలవులు జూలై ఆఖరుకు గానీ ఇవ్వరు.

"అమ్మా, నువ్వు పెట్టకూడదు. నువ్వు ఇక్కడ ఉండవు," అంది మా అమ్మాయి. దురుసుగా ఏం అనలేదు, స్కూల్లో చెప్పిన రూలు చెప్పినట్టే చెప్పింది. బిళ్ళ నా వేలికే ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ఈ ఊరు నాది అని పిల్లలకు నూరిపోస్తున్నదాన్ని. నేను వేలెత్తి చూపితే ఈ ఇల్లు కదలకూడదని మనసులో ఎక్కడో ఉన్నట్టుంది. నెల చివర మళ్ళీ విమానం ఎక్కేది నేను, కాలవ నీళ్ళు తోసుకునేది అమ్మ.

అమ్మ ఆఖరున పెట్టింది. తిన్నె మీద కాదు, కాలవ మీద. "తిన్నె తీసుకోమను. కాలవ సరిచేసి తీసుకోమను. కొట్టేది సంక్రాంతి దాటినాక కొట్టమను, సగం గోడ పెట్టుకొని వానల్లో కూర్చోలేను." నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, అంత సులువుగా వదిలేసిందని.

అర్జీ మా అమ్మాయే రాసింది. ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు, ఒత్తులు ఒకటీ అరా తప్పు. "తిన్నె" అని రాస్తే నేను కొట్టేసి "అరుగు" అని దిద్దబోయాను. క్లాసు పుస్తకంలో అరుగనే ఉంది మరి. "ఇది నా అర్జీనా, నీ అర్జీనా?" అంది అమ్మ. తిన్నె తిన్నెగానే వెళ్ళింది, కింద పద్నాలుగు సంతకాలు, మూడు వేలిముద్రలతో. ఆఫీసులో అందినట్టు ముద్ర వేసి ఒక కాపీ ఇచ్చారు. జవాబు ఎప్పుడొస్తుందని పిల్ల అడిగితే అక్కడి గుమాస్తా నవ్వి, ఏ ఊరమ్మా మీది అన్నాడు. అది నా వైపు చూసింది.

జనవరిలో ఫోన్ చేస్తే అమ్మ పండక్కి వెల్లేయిస్తోంది. జవాబు రాలేదు, గోడా కొట్టలేదు. సున్నం కొట్టే అతను బాణం మీద కూడా పూసేయమంటావా అని అడిగాడంట.

"వద్దన్నాను. అది చెరిగిపోతే మళ్ళీ కొలవడానికొస్తారు. ఇప్పుడు ఆరే ఉండాది."