వాటా పత్రం వెంట ఇల్లందు దాకా

పాత గనుల కంపెనీల వాటా పత్రాలను సేకరించేవారిలో చాలామంది వాటి ముద్రణ అందానికి ముగ్ధులవుతారు. నాకు మాత్రం ఆ కంపెనీలను నిలబెట్టిన ప్రమోటర్ల మీదే మొదటి నుంచీ ఆసక్తి. అందుకే హనుమకొండలో ఉంటున్న ఒక విశ్రాంత అధ్యాపకుడు తన దగ్గరున్న, ఒకప్పుడు ఇల్లందులో బొగ్గు తవ్విన హైదరాబాద్ దక్కన్ కంపెనీ పత్రాన్ని చూపిస్తానని కబురు పెట్టగానే, అటునుంచి అటే ఇల్లందు కూడా చూసి రావాలని నిశ్చయించుకుని బయలుదేరాను.

ఆయన బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పత్రాన్ని జాగ్రత్తగా దానిపై ఉంచారు. వాటాదారు పేరు రాసిన సిరా గోధుమరంగుకు తిరిగింది. అడుగున డైరెక్టర్ల సంతకాలు, పక్కన వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగిలే కంపెనీ ముద్ర, రద్దయినందుకు గుర్తుగా సంతకాల మీదుగా పొడిచిన రంధ్రాలు ఉన్నాయి. వెలకట్టేవారు ఈ రంధ్రాలను లోపంగా ఎంచుతారు గానీ, ఆ వాటా ఉత్త కాగితంగా మిగిలిపోకుండా లెక్కలోకి వచ్చి తీరిందనడానికి అవే రుజువని నా అభిప్రాయం.

"సంతకాలు తర్వాత చూద్దురు గానీ, ముందు సొమ్ము సంగతి రాసిన చోట చదవండి," అన్నారాయన.

అది సొమ్మంతా చెల్లించిన వాటా అని అక్కడ రాసి ఉంది. ఆ కంపెనీ కథంతా నిజంగానే ఆ మాటలో ఉంది. నిజాం రాజ్యంలో ఖనిజాలు తవ్వుకునే హక్కును 1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు సంపాదించి, లండన్‌లో 10 లక్షల పౌండ్ల మూలధనంతో కంపెనీ పెట్టారు. ఒక్కొక్కటి 10 పౌండ్ల చొప్పున లక్ష వాటాలలో 85,000 వాటాలను, తమ హక్కును కంపెనీకి అప్పగించినందుకు ప్రతిఫలంగా తీసుకున్నారు. రొక్కం ఒక్క పౌండు కూడా కట్టకుండానే అవి సొమ్మంతా చెల్లించిన వాటాలుగా లెక్కకెక్కాయి. నిజాం కొలువులో పెద్ద హోదాలో ఉన్న అబ్దుల్ హక్ అందులో రహస్యంగా భాగం పొంది, కొన్ని వాటాలను తాను సేవిస్తున్న ప్రభుత్వానికే ముఖవిలువను, అంటే పత్రం మీద వేసిన 10 పౌండ్లను, మించిన ధరకు అంటగట్టాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభ కమిటీ వేసి విచారించింది. అబ్దుల్ హక్ పదవి పోయింది.

మర్నాడు మహబూబాబాద్, బయ్యారం మీదుగా ఇల్లందు చేరాను. దారిలో కాకతీయుల నాటి బయ్యారం చెరువు దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేకపోయాను. బొగ్గుట్ట అని కూడా పిలిచే ఇల్లందు తెలంగాణ బొగ్గుకు పుట్టినిల్లు. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1870లలోనే ఇక్కడ బొగ్గును గుర్తించారు. దక్కన్ కంపెనీని ఆనాటి తక్కిన కంపెనీల నుంచి వేరుచేసే సంగతి ఇదే. 1880 ప్రాంతంలో వయనాడు బంగారం పేరు చెప్పి లండన్‌లో పదుల కొద్దీ కంపెనీలు పుట్టాయి గానీ, అక్కడ గిట్టుబాటయ్యేంత బంగారం దొరకలేదు. ఇక్కడ ప్రమోటర్ల లెక్కలు ఎంత వంకరవైనా, నేలలో సరుకు ఉంది.

బస్టాండు దగ్గరి టీకొట్టులో, గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు పత్రం ఫొటో చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

"దొరల సంతకాలైతే ఉన్నయి గని, ఏ బాయిదో నంబరు లేదేంది సారూ?"

ఇన్నేళ్లుగా ఇలాంటి పత్రాలు చూస్తున్నా నాకు తట్టని ప్రశ్న అది. వాటా కంపెనీలోనే తప్ప ఫలానా బాయిలో, అంటే గనిలో, కాదని వివరించాను. రాజ్యమంతటి ఖనిజాల మీద హక్కు చూపి వాటాలు అమ్మినవారికి, ఏ బాయిలో ఎంత బొగ్గు వస్తుందో చెప్పవలసిన అవసరమే రాలేదు. పెద్దాయన తల పంకించి, తన తాత కూడా బాయి పనే చేశాడని చెప్పారు.

పక్కనే ఉన్న సింగరేణి గ్రామం పేరుతో 1920లో కొత్త కంపెనీ ఏర్పడి, దక్కన్ కంపెనీ ఆస్తులను తీసుకుంది. 1945లో నిజాం ప్రభుత్వం దానిలో అధిక వాటాలను కొన్నది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. దక్కన్ కంపెనీ వాటాలలో జనం రొక్కం పెట్టి కొన్న 15,000లో ఒకదాని పత్రం కోసం ఇప్పుడు వెతుకుతున్నాను. దొరికితే హనుమకొండ తీసుకెళ్లి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలని అధ్యాపకుడూ నేనూ అనుకున్నాం.