మూడో ఫౌల్ ఎందుకు లెక్కకు రాదు

రాత్రి పది దాటింది. వంటింటి పని ఎప్పుడో ముగిసింది, ఈయన నిద్రపోయారు, కానీ భోజనాల దగ్గర మావయ్యగారితో నేను అన్న ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. "మీకు అర్థం కాదు లెండి మావయ్యగారూ" అన్నాను. ఆయన బదులు చెప్పలేదు. పెరుగన్నం పూర్తి చేసి, కంచం తానే తీసుకువెళ్ళి సింకులో పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయారు. రోజూ తప్పకుండా చూసే తొమ్మిది గంటల వార్తలు కూడా ఈ రోజు చూడలేదు.

ఆయన అడిగినది చిన్న ప్రశ్నే. బేస్‌బాల్‌లో బ్యాటర్ కొట్టిన బంతి గీతకు బయట పడితే దానిని ఫౌల్ అంటారనీ, అది ఒక స్ట్రైక్, అంటే బ్యాటర్ ఖాతాలో ఒక తప్పు కింద లెక్క అనీ, మూడు స్ట్రైకులు పడితే అవుట్ అనీ నేనే ఆయనకు లెక్కలేనన్ని సార్లు చెప్పాను. "మరి రెండు స్ట్రైకులు పడ్డ తరువాత ఎన్ని ఫౌళ్ళు కొట్టినా అవుట్ కాడేమమ్మా? మూడోది ఎందుకు లెక్కకు రాదు?" అని అడిగారు. నిబంధన అంతే అన్నాను. "నిబంధన సరే, కారణం ఏమిటి?" అన్నారు. కారణం నాకు తెలియదు. తెలియదని చెప్పవలసిన చోట ఆ మాట అన్నాను.

నిజానికి నా కోపం ఆయన మీద కాదు, మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మరిది మీద. అతని మంచితనం గురించి ఇక్కడ ఎన్నోసార్లు రాశాను, ఈ రోజు కూడా ఇంత ఎండలో గాజువాక నుంచి వస్తూ దారిలో ఆగి తాటిముంజలు తెచ్చాడు. కానీ తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడంలో అతనికి సాటి వచ్చేవారు మా వంశంలో లేరు. భోజనాలయ్యాక మావయ్యగారు అలవాటు ప్రకారం రాత్రి జరిగిన టొరంటో ఆట ముఖ్యాంశాలు పెట్టించుకుని ఏదో అడగబోతే, నేను నోరు తెరిచేలోపే మరిది అందుకున్నాడు. ఇక అక్కడి నుంచి ప్రతి జవాబూ "అంటే మన క్రికెట్‌లో" అనే మొదలయింది. ఫౌల్ అంటే మన నోబాల్ వంటిదట. తొమ్మిది ఇన్నింగ్స్ అంటే తొమ్మిది ఓవర్లట. హోమ్ రన్ అంటే సిక్సరట, కాబట్టి ఆరు పరుగులట! పరుగు పూర్తి కావడానికి వరసగా తాకవలసిన బేస్‌ల మీద ఎవరూ లేకపోతే హోమ్ రన్‌కు ఒక్క పరుగే వస్తుందనీ, మూడు బేస్‌ల మీదా మనుషులు ఉంటే నాలుగు వస్తాయనీ, అంతకు మించి ఎంత దూరం కొట్టినా రావనీ నేను చెప్పేసరికి, "అదే వదినా, సిక్సర్ లాంటిదే" అని నవ్వాడు.

అంతటితో ఆగితే బాగుండేది. "ఒక్క దేశంవాళ్ళు తమలో తాము ఆడుకునే ఫైనల్ పోటీకి వరల్డ్ సిరీస్ అని పేరు పెట్టుకున్నారు, ఎంత గర్వమో చూడండి" అన్నాడు. టొరంటో అమెరికాలో లేదు, కెనడాలో ఉంది, అక్కడి జట్టు బ్లూ జేస్ 1992లోనూ 1993లోనూ ఆ సిరీస్ గెలిచింది కూడా. ఆ ఊళ్ళో ఇతని సొంత అన్న కూతురు చదువుకుంటోంది, ఆమెను విమానం ఎక్కించడానికి హైదరాబాదు దాకా వచ్చినవాడు ఇతనే! తరువాత డీఆర్‌ఎస్ లేని ఆట కూడా ఒక ఆటేనా అన్నాడు. బంతి స్ట్రైకా కాదా అన్న అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసే వీలు ఈ 2026 సీజన్ నుంచే వచ్చిందనీ, జట్టుకు రెండు అవకాశాలనీ, సవాలు నెగ్గితే ఆ అవకాశం మిగిలే ఉంటుందనీ, బ్యాటరో, బంతి వేసే పిచరో, వెనక పట్టుకునే క్యాచరో తలమీద తట్టి వెంటనే అడగాలే గాని బయట కూర్చున్నవాళ్ళు అడగడానికి వీల్లేదనీ నేను ఎంతో ఓపికగా చెబుతుంటే, సగంలోనే ఫోన్ తీసి ఐపీఎల్ స్కోరు చూసుకోవడం మొదలుపెట్టాడు. ముంజలు చాలా లేతగా ఉన్నాయి, ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నాకు ఒళ్ళు మండింది ఎందుకంటే, మావయ్యగారు అతని జవాబులన్నిటికీ తల ఊపారు. ఆరు నెలలుగా నేను చెబుతున్నదానికి ఎన్నడూ అంత సులువుగా తల ఊపలేదు. నా ప్రతి జవాబుకూ ఆయన దగ్గర ఇంకొక ప్రశ్న ఉంటుంది.

ఆ ప్రశ్నలు మొదలయిన రోజు నాకు బాగా గుర్తుంది. నిరుడు అక్టోబర్ 28, మొంథా తుపాను రోజు. బడులకు సెలవు, ఆఫీసుకు రావద్దని ఈయనకు కబురు, కిటికీల సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కి, బిందెలన్నీ నింపుకుని కూర్చున్నాం. హుద్‌హుద్ తరువాత ఈ ఊళ్ళో గాలి కాస్త హోరెత్తితే చాలు, మావయ్యగారు కుర్చీలో కుదురుగా కూర్చోలేరు. 2014లో పెరటి కొబ్బరిచెట్టు ప్రహరీ మీద పడ్డప్పుడు ఆయన వరండాలోనే ఉన్నారు. ఆ తెల్లవారుజామున కూడా లేచి ప్రతి పది నిమిషాలకూ తలుపు తీసి సముద్రం వైపు చూస్తున్నారు. అప్పుడు మా అమ్మాయి బుజ్జి టొరంటో నుంచి ఫోన్ చేసి, వరల్డ్ సిరీస్ మూడో ఆట మొదలవుతోంది, తాతగారిని నా ఫోన్ ముందు కూర్చోబెట్టమంది. మన వేళకు ఉదయం అయిదున్నర. లాస్ ఏంజెలిస్‌లో, అక్కడి జట్టు డాడ్జర్స్‌తో ఆట.

తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి చెరి అయిదు పరుగులు. బయట వాన పెరిగింది, కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యాను, ఫోన్ చార్జర్ ఉంచి మిగతావన్నీ ఆపేశాం. "ఇప్పుడేమిటి, డ్రానా?" అన్నారు మావయ్యగారు. ఇందులో డ్రా ఉండదు, ఒక ఇన్నింగ్ రెండు సగాలూ, అంటే రెండు జట్ల వంతులూ, పూర్తయ్యేసరికి ఎవరో ఒకరు ముందుండే దాకా ఆడుతూనే ఉంటారు అని చెప్పాను. మామూలు సీజన్‌లో అయితే ఆట సాగిపోకుండా 2020 నుంచి పదో ఇన్నింగ్ మొదలుకొని రెండో బేస్ మీద ఒక మనిషిని ఊరికే నిలబెడుతున్నారు గాని, ఈ పెద్ద పోటీల్లో ఆ సదుపాయం కూడా లేదు. పది, పదకొండు, పన్నెండు. ఆయన తలుపు దగ్గరికి వెళ్ళడం మానేశారు. పోర్టులో నాడు వాడిన పాత డైరీ ఒకటి తెచ్చుకుని, ఇన్నింగ్‌కు ఒక గీత గీస్తూ కూర్చున్నారు.

డాడ్జర్స్ ఆటగాడు షొహేయ్ ఒతాని అప్పటికే రెండు హోమ్ రన్లు, రెండో బేస్ దాకా చేర్చే డబుల్స్ రెండు కొట్టి ఉన్నాడు. తొమ్మిదో ఇన్నింగ్ నుంచి అతడు బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడల్లా టొరంటోవాళ్ళు సైగ చేసి, బంతి వేయకుండానే మొదటి బేస్‌కు పంపించేస్తున్నారు. అలా నాలుగుసార్లు పంపారు, అయిదోసారి బంతులు వేసి కూడా మొదటి బేస్‌కే పంపారు; మొత్తం మీద తొమ్మిదిసార్లు వచ్చినవాడు తొమ్మిదిసార్లూ బేస్ చేరాడు. మావయ్యగారికి ఇది ఎంతకూ మింగుడు పడలేదు. 2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు ఆయన అక్కడే ఉన్నారు, ఆ టికెట్టు ఇప్పటికీ బీరువాలో ఉంది. "ధోనీ క్రీజులోకి వస్తుంటే, మేము ఇతనికి బంతి వేయం, కావాలంటే పరుగు తీసుకుని పొమ్మంటే ఆ రోజు జనం ఊరుకునేవారా అమ్మా?" అని అడిగారు. పరుగు కాదు, ఒక్క బేస్ మాత్రమే ఇస్తున్నారనీ, ఒక్క దెబ్బకు నాలుగు బేస్‌లూ పోగొట్టుకోవడం కంటే ఒకటి చేతులారా ఇచ్చి ఆ తరువాతి మనిషిని అవుట్ చేసుకోవడం నయమని లెక్క వేస్తున్నారనీ చెప్పాను. కొంతసేపు ఆలోచించి, "అంటే భయపడినట్టు పైకి ఒప్పుకోవచ్చన్నమాట, ఈ ఆటలో అది తప్పు కాదు" అన్నారు.

దింపేసిన పిచర్‌ను మళ్ళీ తేవచ్చు కదా అని పద్నాలుగో ఇన్నింగ్‌లో అడిగారు. తేకూడదు, ఒకసారి బయటికి వెళ్ళినవాడు ఆ రోజుకు వెళ్ళినట్టే. అందుకే చివరికి డాడ్జర్స్ దగ్గర మిగిలిన విల్ క్లైన్ అనే కుర్రవాడు ఒక్కడే నాలుగు ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వకుండా వేశాడు. 18వ ఇన్నింగ్ రెండో సగంలో ఫ్రెడీ ఫ్రీమన్ హోమ్ రన్ కొట్టాడు, ఆరు అయిదు, ఆట ముగిసింది. ఆరు గంటల ముప్ఫై తొమ్మిది నిమిషాలు. మనకు మధ్యాహ్నం పన్నెండు దాటింది, బుజ్జికి తెల్లవారుజామున మూడు కావస్తోంది, ఫోన్‌లో దాని ఏడుపు వినిపిస్తోంది. తుపాను ఆ రాత్రి మనకు దక్షిణంగా నరసాపురం వైపు తీరం దాటింది. తుపాను మాట ఆయన సాయంత్రం దాకా ఎత్తలేదు.

ఇంతవరకు రాసి చూసుకుంటే మరిది మీద రాసినదంతా కొట్టివేయాలనిపిస్తోంది. క్రికెట్‌తో పోల్చడమే నేరమైతే ఆ రోజంతా నేను చేసినది ఏమిటి? క్యాచర్‌ను వికెట్ కీపర్ అనే కదా పరిచయం చేశాను. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరి హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు అని చెబితే ఆయనకు పట్టలేదు, మన 22 గజాలు 66 అడుగులు కాబట్టి దాదాపు అంతే అంటే వెంటనే పట్టింది. స్కోరును గళ్ళల్లో కుదించి పత్రికల్లో వేసే పద్ధతికి ఆద్యుడుగా చెప్పుకునే హెన్రీ చాడ్విక్ కూడా ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో మొదట క్రికెట్ గురించి రాసి, ఆ తరువాతే ఈ ఆటకు వచ్చినవాడు. మావయ్యగారికి ధోనీ అడ్డం వచ్చాడు కాబట్టే ఒతాని ప్రశ్న పుట్టింది. మరిదికి మాత్రం పోలిక దొరకగానే ప్రశ్న అయిపోతుంది. అయినా సరే, అతనితో నవ్వుతూ మాట్లాడి, ఆ చిరాకు అంతా రాత్రికి దాచి, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి మీద కుమ్మరించాను. దీనిని కొట్టివేయడానికి లేదు.

సరే, ఫౌల్ సంగతి. ఇంతసేపూ కూర్చుని చదివితే తెలిసింది ఏమిటంటే, 1901కి ముందు గాలిలో పట్టుబడని మామూలు ఫౌల్ స్ట్రైక్ కాదట. చేయి తిరిగిన బ్యాటర్లు నచ్చని ప్రతి బంతినీ కావాలని పక్కకు తోసేస్తూ, పిచర్ అలసిపోయే దాకా అలాగే నిలబడేవారట. అందుకని అక్కడి రెండు పెద్ద లీగుల్లో నేషనల్ లీగ్ 1901లోనూ, అమెరికన్ లీగ్ 1903లోనూ ఫౌల్‌ను స్ట్రైక్‌గా లెక్కించడం మొదలుపెట్టాయి, రెండు స్ట్రైకుల వరకే. అంటే నేను ఆరు నెలలుగా తలకిందులుగా చెబుతున్నాను. ఫౌల్ ఎప్పుడూ స్ట్రైకే, మూడోది మాత్రం మినహాయింపు అని చెప్పాను. చరిత్ర చూస్తే ఫౌల్‌కు శిక్షే లేదు, బ్యాటర్ల అతి తెలివిని అణచడానికి మొదటి రెండిటికీ తరువాత తగిలించారు. మూడోదాన్ని ఎందుకు వదిలేశారన్నది నా ఊహ మాత్రమే: బంతిని తాకినవాడికీ, తాకలేక గాలిలో బ్యాటు తిప్పినవాడికీ ఒకటే శిక్ష వేయడానికి మనసు ఒప్పి ఉండదు. ఈ ఊహకు ఒక ఆధారం ఉంది. రెండు స్ట్రైకుల తరువాత బ్యాటు తిప్పకుండా ఊరికే అడ్డం పెట్టి బంతిని మెల్లగా తోస్తే, దానిని బంట్ అంటారు, అది ఫౌల్ అయితే మాత్రం అవుటే. సులువుగా తప్పించుకునే దారిని మూసేసి, కష్టపడి తప్పించుకునే దారిని ఉంచారు. పొద్దున్న కాఫీ ఇస్తూ ఇది చెబితే, తప్పు చెప్పినదాన్ని నేనే కాబట్టి, వేరే క్షమాపణ అక్కరలేకపోవచ్చు అని ఇందాక అనుకున్నాను. అక్కరలేకపోవడం ఏమిటి, అన్న మాట అన్నదే.

పదకొండు దాటింది. ఈ వేళకే టొరంటోలో ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలవుతుంది, ఇలాంటి రాత్రుళ్ళు మావయ్యగారు నా తలుపు మెల్లగా తట్టి, "అమ్మా, పెట్టారేమో చూస్తావా" అంటారు. ఈ రోజు తట్టలేదు. కానీ ఆయన గది తలుపు కింద నుంచి వెలుతురు పడుతోంది, వ్యాఖ్యాత గొంతు చాలా సన్నగా వినిపిస్తోంది. ఎవరూ పెట్టకుండా తానే ఎలా పెట్టుకున్నారో.

బుజ్జి నుంచి ఇప్పుడే సందేశం వచ్చింది. తాతగారు గంట కిందట ఫోన్ చేసి మూడో ఫౌల్ ఎందుకు లెక్కకు రాదని అడిగారట. "నాకేం తెలుసు తాతా, అమ్మకు తెలుసు, అమ్మను అడుగు అన్నాను" అని రాసింది.