జోర్ ఊరికి కరకట్ట ఎందుకొచ్చింది

ఒహాయో రాష్ట్రం మ్యాప్ తెరిచి, ఈశాన్యం వైపు టస్కరావస్ నది వెంట వేలు పెట్టి కిందికి వస్తే తూర్పు ఒడ్డున జోర్ అనే చిన్న ఊరు తగులుతుంది. 2010 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 169 మంది. కొన్నాళ్లుగా నేను ఈ ఊరి గురించే చదువుతున్నాను, ఎటు తిరిగినా కథ ఆ నది దగ్గరికే వస్తోంది.

మొదట వచ్చినవాళ్లు జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతం వాళ్లు. లూథరన్ చర్చి నుంచి విడిపోయారు, అధికారి ఎదురైతే టోపీ తీయరు, సైన్యంలో చేరరు, పిల్లల్ని చర్చి బడికి పంపరు. అందుకు జైళ్లు కూడా చూశారు. 1817లో ఓడెక్కి ఫిలడెల్ఫియాలో దిగితే అక్కడి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు ఆదుకున్నారు, ఆ తర్వాత వాళ్ల నాయకుడు జోసెఫ్ బైమెలర్ ఈ లోయలో సుమారు 5,500 ఎకరాలు అప్పు మీద కొన్నాడు. ఊరికి పెట్టిన పేరు బైబిల్లోది. సొదొమ నాశనమైనప్పుడు లోతు పారిపోయి తలదాచుకున్న సోయరే ఇంగ్లిష్‌లో జోర్.

అయితే ఆ లోయ ఎవరూ లేని చోటు కాదు, అది డెలావేర్ అనే ఆదివాసీ ప్రజలు బతికిన నేల. ఇదే నది దిగువన, నాడెన్‌హటెన్‌లో, 1782లో పెన్సిల్వేనియా మిలీషియా, అంటే అక్కడి పౌర సైన్యం, 96 మంది క్రైస్తవ డెలావేర్లను చంపేసింది. జోర్ వాళ్లు రావడానికి అప్పటికి ఇంకా 35 ఏళ్లే ఉంది. జోర్ చరిత్రను 1817 దగ్గర మొదలుపెట్టడం నాకు సరిగ్గా అనిపించదు.

మొదట్లో ఎవరి పొలం వాళ్లదే అనుకున్నారు. కానీ ముసలివాళ్లూ జబ్బుపడ్డవాళ్లూ ఉన్న గుంపు, నెత్తి మీద అప్పు, విడివిడిగా నెట్టుకురావడం కుదరలేదు. 1819 ఏప్రిల్‌లో ఆస్తంతా ఉమ్మడి చేస్తూ ఒప్పందం రాసుకున్నారు, అందులో ఆడవాళ్లకీ ఓటు ఉంది. అమెరికా ఆడవాళ్లందరికీ రాజ్యాంగం ద్వారా ఆ హక్కు దక్కింది 1920లో, అంటే వీళ్లకంటే నూరేళ్లు వెనక!

అప్పు తీరే దారి చూపింది కాలువ. ఒహాయో-ఈరీ కాలువ వీళ్ల భూమి మీదుగా వెళ్లాల్సి వచ్చింది, ఆ భాగం తవ్వే పని వీళ్లే తీసుకున్నారు, ఆడా మగా కలిసి తవ్వారు. ఆ డబ్బుతో అప్పు భారం దిగింది, తర్వాత అదే కాలువలో వాళ్ల సొంత పడవలు సరుకు మోశాయి. బైమెలర్ 1853లో పోయాడు. ఫ్యాక్టరీ సరుకు చవకైంది, పిల్లలకు బయటి ప్రపంచం మీద మనసు పోయింది, 1898లో ఆస్తి పంచుకుని విడిపోయారు.

కరకట్ట సంగతి 1930ల నాటిది. దిగువన డోవర్ డ్యామ్ కట్టారు, వరద వచ్చినప్పుడు అది నీళ్లను పట్టి ఉంచితే కింది ఊళ్లు బతుకుతాయి, కానీ ఆ నీళ్లు వెనక్కి ఎగదన్నేది జోర్ మీదికే. అందుకే ఊరికి అడ్డంగా మట్టి కట్ట వేశారు. ఈ శతాబ్దంలో వరదలప్పుడు ఆ కట్ట కింద నుంచి నీళ్లు ఊరడం మొదలయ్యాక, ఆర్మీ ఇంజనీర్లు పరిశీలించిన దారుల్లో ఊరినే ఖాళీ చేయించడం కూడా ఒకటి. రెండు వందల ఏళ్ల ఇళ్లు, నడుమ ఒక పెద్ద స్ప్రూస్ చెట్టూ దాని చుట్టూ పన్నెండు మంది అపొస్తలులకు గుర్తుగా పన్నెండు చెట్లూ ఉన్న తోట, అన్నీ పోయేవి. చదువుతుంటే నాకే టెన్షన్ పట్టుకుంది. 2013లో ఆ ఆలోచన పక్కన పెట్టి, కట్టనే బాగుచేసే దారి పట్టారు.